ధ్రువదర్శనము

మన వివాహవిధులలో వరుడు వధువునకు ధ్రువనక్షత్రమును, అరుంధతిని చూపుట యొక ముఖ్యమైన యంగము. పురోహితుడు ఉత్తరపు వైపు చేయి చాచును. అచ్చట పొరుగింటి కప్పో, చింతచెట్టో యుండును. కనబడినదా యని యడుగుదురు. కనబడినదని పెండ్లికూతురు తల యూపును. ఆ మాట నిజమగుట మన తెలుగుదేశములో మిక్కిలి యరుదు. ఏలయన ఏ యూరి అక్షాంశ మెంతయో ఆ యూర ధ్రువుడు క్షితిజమునకు దాదాపుగా అంతే యెత్తున నుండును. భద్రాచలము అక్షాంశము 17 డిగ్రీల 40 కలలు; ఖమ్మము 17 డిగ్రీల 15 కలలు. డిగ్రీలో అరువదవ పాలు కల, కలలో అరువదవ పాలు వికల. చేయి చాచి ఒకదానిపై నొకటి రెండు పిడికిళ్లు నిలిపినచో ధ్రువుడు పై పిడికిలి చాటున దాగిపోవును. అంత దిగువ నున్న చుక్క యిండ్ల నడుమ నెట్లు కనబడగలదు?

ఆచారమును పరిహసించుట మా యుద్దేశము కాదు. ఆ మంత్రములు చెప్పినవారు కన్నులార చూచియే చెప్పిరి. కాని వారు చూచిన ధ్రువుడు వేరు, నేటి ధ్రువుడు వేరు. భూమి యక్షము బొంగరపు ములికివలె మెల్లగా తూలుచు సుమారు 25,800 సంవత్సరముల కొకసారి ఆకాశమున వలయము చుట్టి వచ్చుచున్నది. నాలుగువేల యెనిమిదివందల యేండ్ల క్రిందట ఆ యక్షపు కొన తూబన్ అను తారకు సమీపమున నుండెను. ఇప్పుడు మనము ధ్రువుడని పిలుచు తారకు సమీపమునకు వచ్చినది; చేరలేదు. ఎవరెస్టు దొర మన యడవులలో తిరిగిన 1819వ సంవత్సరమున ఆ తార నిజమైన ధ్రువస్థానమునకు 1 డిగ్రీ 40 కలల దూరమున నుండెను. 1900 నాటికి 1 డిగ్రీ 14 కలలు. నేడు సుమారు 38 కలలు. అనగా కదలనిదని మనము పేరు పెట్టిన చుక్కయే యిప్పటికిని ప్రతిదినము రెండున్నర చంద్రబింబముల వెడల్పుగల వలయములో తిరుగుచున్నది.

ఈ చుక్కను గాక, చుక్కలేని ఆ నిజస్థానమును వెదకినవారి కథ మన గోదావరీ వనసీమకు సంబంధించియున్నది. అది పాఠశాలలలో చెప్పబడదు. ఖమ్మము నుండి భద్రాచలము పోవు త్రోవలో టేకును వెదురును చూచుచు పోవువారికి ఆ సంగతి తట్టుటకు కారణమును లేదు.

ఈస్టిండియా కంపెనీవారు దేశమును త్రికోణములుగా విభజించి కొలుచు మహాకార్యమును విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు చెంత నారంభించెను. కన్యాకుమారి నుండి ఉత్తరముగా యామ్యోత్తరరేఖ వెంబడి కొలుచుచు వచ్చి, హైదరాబాదును కేంద్రముగా చేసికొని నిజాము రాజ్యమును కొలుచుచుండగా, ఆయనకు ముఖ్యసహాయకుడుగా నియమింపబడిన జార్జి ఎవరెస్టు 1818 చివర వచ్చి చేరెను. మరుసటి యేడు కృష్ణా గోదావరుల నడుమనున్న తూర్పు సీమను కొలుచు పని యాయనకు అప్పగింపబడెను. ఖమ్మము సీమ యంతయు నా రెండు నదుల నడుమనే యున్నది. ఆ యడవులను ఎవరెస్టు యెల్లాపురపు టడవులని పేర్కొనెను. వానకాలము, ఆకుల నుండి నీరు కారుచుండును, కొండమీది నుండి కొండ కనబడవలెనన్న నడుమనున్న చెట్లను నరికించుకొనవలెను.

కొండ నుండి కొండకు కోణము కొలుచుట సులభముగ నున్నట్లు తోచును గాని, ఆ త్రికోణముల వల భూమిపై నెట్లు పడియున్నదో, ఏ భుజము ఏ దిక్కునకు చూచుచున్నదో తేలనిచో కొలిచినదంతయు గాలిలో వ్రేలాడును. దిక్సూచి యిందు పనికిరాదు. దాని ముల్లు చూపు ఉత్తరము వేరు, భూమి యక్షము చూపు ఉత్తరము వేరు. కావున సర్వే చేయువారు రాత్రివేళ ధ్రువతారను ఆశ్రయించిరి. దానిని నమ్మి కాదు, దాని చలనమును కనిపెట్టి. ఆ తార తన చిన్న వలయములో తిరుగుచు ఒక వేళ తూర్పుకొసకు, మఱియొక వేళ పడమటికొసకు పోవును. కొసకు చేరినపుడు కొన్ని నిమిషములసేపు ప్రక్కకు కదలక నిలువుగా మాత్రమే కదలుచున్నట్లుండును. కొలుచువానికి అదియే అదను. ఆ రెండు కొసల దిక్కులను కొలిచి సగము చేసినచో నడుమ వచ్చునదే నిజమైన ఉత్తరము. అచ్చట ఏ చుక్కయు నుండదు. చుక్క లేనిచోటును చుక్క కదలికచేత కనిపెట్టు నీ యుపాయమును చదువరులు జ్ఞప్తి యందుంచుకొనవలెనని కోరెదము. నూరేండ్ల తరువాత బేగంపేటలోను, నేడు భద్రాచలపు టడవులలోను ఇదియే వేరు వేషములలో కనబడును.

ఎవరెస్టు దండునకు ఆ యడవిలో జ్వరము తగిలెను. ఈనాడు మనము మలేరియా యనునది. దొర మొదలు కూలివాని వఱకు పడకపట్టిరి; పని నిలిపి వారిని హైదరాబాదునకు మోసికొని రావలసి వచ్చెను. త్రోవలోనే కొందఱు చనిపోయిరి. ఎవరెస్టు ఆరోగ్యము చెడి 1820లో కేప్ కాలనీకి పోయి విశ్రాంతి తీసికొని వచ్చెను. 1823 జనవరిలో లాంబ్టన్ హింగన్‌ఘాటులో మరణించగా ఆ పని ఎవరెస్టు చేతికి వచ్చి, 1843 వఱకు నడచినది. 1865లో హిమాలయములలో కెల్ల నున్నతమైన శిఖరమునకు ఆయన పేరు పెట్టిరి. ఆ వానలో యంత్రమును తలమీద మోసి, చెట్లు నరికి, దీపము పట్టుకొని కొండమీద తెల్లవార్లు నిలిచిన మనవారి పేరు ఏ గుట్టకును పెట్టలేదు. ఇది చరిత్రకారుల లోపమని మాత్రమే యనరాదు. తనవారి పేర్లు వ్రాసి యుంచుకొను అలవాటు మనకును తక్కువ.

సర్వే చేయువానికి ధ్రువస్థానము కొన్ని నిమిషముల యవసరము. దిక్కు తేలినతోడనే యతడు యంత్రమును మడిచి మరియొక కొండ యెక్కును. ఆకాశమును ఛాయాపటముగా తీయువానికి అట్లు గాదు. మసక తారల వెలుగు ఫలకముపై చాలినంత పడవలెనన్న నిమిషములు, ఒక్కొక్కప్పుడు గంటలు, కటకమును తెరచి యుంచవలెను. ఆకాశమో గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుచున్నది. కనుక దూరదర్శినిని ఒక యక్షముపై నిలిపి, ఆ యక్షమును భూమి యక్షమునకు సమానాంతరముగా వంచి, గడియారపు యంత్రముతో తారలతోపాటు తిప్పుదురు. అక్షము సరిగా ధ్రువమును చూచుచున్నచో ఒక్క కదలికతో తార నిలిచిపోవును. కొంచెము తప్పినచో యంత్రము తన ధ్రువము చుట్టు తాను తిరుగును, ఆకాశము తన ధ్రువము చుట్టు తాను తిరుగును. చుక్కగా పడవలసిన తార గీతగా పడును.

మన తెలుగుసీమలలో ఇట్టి యంత్రములు రాకపోలేదు. 1840లో గోడే వేంకట జగ్గారావు విశాఖపట్టణమున స్వంత ధనముతో వేధశాల కట్టించెను. ఆయన పిమ్మట అంకితము వేంకట నరసింగరావు దానిని నడపెను. 1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును ఛాయాపటములు తీయుటకు టెన్నెంట్ అను సైనికోద్యోగి గుంటూరిలో దర్పణపు దూరదర్శిని నిలిపెను. కాని గ్రహణపు పని నిమిషములలో ముగియునది. దీర్ఘకాలపు ఛాయాగ్రహణము మన దేశభాగములో స్థిరపడినది హైదరాబాదులోనే.

1887 ఏప్రిలులో పారిసు నగరమున జ్యోతిశ్శాస్త్రజ్ఞులు సభ చేసి ఆకాశమునంతటిని ఫలకములపై పటము తీయ నిశ్చయించిరి. కేప్ నగరములోని డేవిడ్ గిల్, పారిసు వేధశాలకు అధిపతియైన మూషే యిందులకు ముఖ్యులు. ఆకాశమును ధ్రువము నుండి ధ్రువము వఱకు పట్టీలుగా కోసి లోకములోని పదునెనిమిది వేధశాలలకు పంచిపెట్టిరి. అందఱి ఫలకములపైనను ఆకాశమందలి ఒక కల ఒక మిల్లీమీటరుగా పడవలెనని కట్టడి చేసికొనిరి. ఈ కొలతను బట్టి చదువరులే లెక్క వేయవచ్చును. విషువద్వృత్తము చెంత తార నాలుగు సెకండ్లలో ఒక కల నడచును. యంత్రము తిరుగక నిలిచినచో నాలుగు సెకండ్లకు ఒక మిల్లీమీటరు గీత. ఆరు నిమిషములకు తొంబది మిల్లీమీటర్లు. ఫలకమే నూట అరువది మిల్లీమీటర్లు!

పంచుకొన్న వారందఱును మాట నిలువలేకపోయిరి. దక్షిణ అమెరికాలోని శాంటియాగో వేధశాలకు దక్షిణక్రాంతి 17 మొదలు 23 డిగ్రీల వఱకు పట్టీ వచ్చెను. అది ఆ పనిని సాగింపజాలకపోయెను. ఆ పట్టీ చివరకు హైదరాబాదునకు వచ్చినది.

హైదరాబాదులో వేధశాల యెట్లు పుట్టినది? ఇంగ్లండులో చదువుకొని వచ్చిన నవాబు జఫర్ జంగు జ్యోతిశ్శాస్త్రముపై మక్కువతో 15 అంగుళముల గ్రబ్ దూరదర్శినిని కొని, 1901లో ఫిసల్‌బండలోని తన యెస్టేటునందు వేధశాల నెలకొల్పి, ఆరవ నిజాము అనుమతితో నిజామియా యని పేరుంచెను. 8 అంగుళముల కుక్ ఛాయాగ్రాహక దూరదర్శినియు నాయన తెప్పించినదే. 1907లో ఆయన మరణించుచు వానిని ప్రభుత్వమునకు విడిచిపెట్టెను. మన సంపన్నులలో మిగిలిన సొమ్మును దుర్భిణులకు వెచ్చించిన వారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. 1908లో ప్రభుత్వము వేధశాలను స్వీకరించి ఛాట్‌వుడ్ అను నాతనిని అధిపతిగా నియమించెను. ఊరి పొగకును దీపములకును దూరముగా నుండవలెనని అతడు బేగంపేటను ఎన్నుకొనెను. బేగంపేట ఊరికి దూరమని యిప్పుడు చెప్పినచో నవ్వుదురు!

ఛాట్‌వుడ్ తరువాత 1914లో ఆక్స్‌ఫర్డు నుండి రాబర్ట్ పోకాక్ వచ్చి ఫలకములు తీయుట మొదలుపెట్టెను. నాలుగేండ్లకే, 1918లో, చిన్నవయస్సున అతడు మరణించెను. పిమ్మట టి. పి. భాస్కరన్ ఆ స్థానమునకు వచ్చి 1944 వఱకు నడపెను. ఆ పదవిలో మొదటి భారతీయు డాయనయే. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది.

ఇప్పుడు అక్షమును గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. ఈ వ్యాసమునకు ప్రాణమదియే. ఇంగ్లండులో చేసిన యంత్రములను ఆ దేశపు అక్షాంశమునకు, అనగా 51 డిగ్రీల వాలునకు తగినట్లు నిలుపుట అచ్చటి వారి యలవాటు. బేగంపేట అక్షాంశము 17 డిగ్రీల 26 కలలు. ఇచ్చట అక్షము దాదాపు నేలపై పండుకొన్నట్లుండును. బరువంతయు వేరొక విధముగా పడును. ఇంతకంటె పెద్ద చిక్కు గాలి తెచ్చునది. దిగువ నుండి వచ్చు వెలుతురు గాలిపొరలలో వంగి, తారను ఉన్నచోటికంటె మీదుగా చూపును. నీటి కుండలో పెట్టిన కఱ్ఱ విరిగినట్లు కనబడుటకును ఈ వక్రీభవనమే కారణము. పదిహేడున్నర డిగ్రీల యెత్తున అది సుమారు 3 కలలు. అనగా మన సీమలో రెండు ధ్రువము లున్నవి: భూమి యక్షము నిజముగా చూచునది యొకటి, గాలి మనకు చూపునది దానికి 3 కలలు మీద నుండునది మరియొకటి. లండనులో ఈ భేదము ఒక కల కైనను రాదు. దేనిని గురి చూడవలెను? హార్వర్డు వేధశాలలో జీవితమంతయు ఛాయాగ్రహణమునకే వెచ్చించిన ఎడ్వర్డ్ స్కిన్నర్ కింగ్ ఈ ప్రశ్నను శ్రద్ధగా విచారించినవాడు; 1931లో ఖగోళ ఛాయాగ్రహణముపై గ్రంథము ప్రకటించెను. అక్షమును గాలి చూపు ధ్రువమువైపు కొంచె మెత్తి, గడియారమును రవంత మందగింపజేసినచో నడినెత్తి చుట్టుపట్లనున్న తారలు చక్కగా నిలుచునని ఆయన విచారణవలన తేలినది.

అక్షము సరిగా నున్నదో లేదో తెలియుటకు ధ్రువతారను చూడవలసిన పనియే లేదు. ఇందే విశేషమున్నది. దక్షిణమున యామ్యోత్తరరేఖపై, విషువద్వృత్తమునకు చేరువగా నున్న యొక తారను అడ్డతీగపై నిలిపి యంత్రమును తిరుగనిత్తురు. తార మెల్లగా దక్షిణమునకు జారినచో అక్షపు కొన తూర్పునకు తప్పియున్నది. ఉత్తరమునకు జారినచో పడమటికి తప్పియున్నది. అది సరిచేసిన పిదప తూర్పున ఉదయించు తార నొకదానిని పట్టుదురు. అది దక్షిణమునకు జారినచో అక్షము క్రుంగినది. ఉత్తరమునకు జారినచో మీది కెత్తినది. అక్షము ఒక్క కల తప్పియున్నచో తార గంటకు 16 వికలల వఱకు జారును. పారిసు సభ కొలత ప్రకారము ఫలకముపై పాతిక మిల్లీమీటరు. కంటికి లెక్కలేనిది, కొలత బల్లపై మహాదోషము. పరిశీలకుడు ప్రక్కదుర్భిణిలో కన్నుంచి తారను అడ్డతీగపై చేతితో నిలుపుచుండును గదా యని యెవరైన ననవచ్చును. నిలుపును, అయినను అది యొక్క తారను మాత్రమే. అక్షము తప్పియున్నచో తక్కిన తారలు దాని చుట్టు తిరిగి ఫలకపు టంచులలో చిన్న చాపములగును. ఒక్కనిని తృప్తిపఱచి తక్కినవారిని వంకరజేయు దిద్దుబాటు మన సంఘములో మాత్రమే యున్నదనుకొంటిమి, యంత్రములందును కలదు.

బేగంపేటలో ఈ పని 1914 మొదలు 1929 వఱకు దక్షిణపు పట్టీకి సాగినది. అంతలో జర్మనీలోని పోట్స్‌డాం వేధశాల తన భాగమును ముగింపజాలకపోగా, ఉత్తరక్రాంతి 36 మొదలు 39 డిగ్రీల వఱకు గల పట్టీయు హైదరాబాదునకు వచ్చి 1928 నుండి 1938 వఱకు సాగినది. రెండు పట్టీలును బేగంపేట నుండి మంచి యెత్తున కనబడునవే; ఉత్తర దక్షిణాకాశములు రెండింటిని ఒక్క ముంగిట నుండి చూచు భాగ్యము మన అక్షాంశమునకు గలదు. అక్షమును పండుకొనబెట్టిన అక్షాంశమే ఈ లాభమును నిచ్చినది. ఫలకములను కడిగి ఆరబెట్టి, అయిదు మిల్లీమీటర్ల గడుల నడుమ ఒక్కొక్క చుక్కను సూక్ష్మదర్శినితో కొలిచి లెక్కలు వ్రాసిరి. 7,63,542 తారలను పరిశీలించిరని లెక్క. 1917 నుండి 1946 వఱకు పండ్రెండు సంపుటములు అచ్చయ్యెను. అందు దాదాపు అన్నియు అంకెలే.

ఇట్టి కొలతపనిని పాశ్చాత్యదేశములలో పెక్కుచోట్ల స్త్రీలు చేసిరి. రోమునగరములో వాటికను వేధశాలవారి ఫలకములను నలుగురు సన్యాసినులు పది యేండ్లకు పైగా కొలిచి నాలుగు లక్షలకు మించిన తారలను లెక్కకెక్కించిరి. ఆస్ట్రేలియా వేధశాలలలోను స్త్రీలే కొలిచిరి. ఆడుదానికి లెక్క లేల యనువారు మన యిండ్లలో నింకను సమసిపోలేదు గనుక ఈ మాట చెప్పితిమి.

ఇంత శ్రమకు ఫలమేమి? భాస్కరనుగారి కాలమున అడిగియున్నచో, కాగితపు గుట్ట యని కొందఱు చెప్పియుందురు. విదేశములలోను ఈ పటమును పాతబడిన పనిగా త్రోసివేసినవారు గలరు. అంకెలు అల్మారాలలో నిద్రించెను. 1989లో ఐరోపావారు హిప్పార్కస్ అను ఉపగ్రహమును పంపి, 1993 వఱకు తారల స్థానములను మిక్కిలి సూక్ష్మముగా కొలిచిరి. కాని నాలుగేండ్లలో తార యెంత కదలును? తార తన స్వంత గమనముచేత ఎటు పోవుచున్నదో తెలియవలెనన్న పాత స్థానము కావలెను. ఎంత పాతదైన నంత మేలు. అప్పుడు ఆ పాత సంపుటములను వెదకి తీసి, అంకెలను యంత్రములకెక్కించి, నూతన స్థానములతో పోల్చిరి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలోని ఇరువదియైదు లక్షల తారల గమనములు అట్లు తేలినవే. ఆ పట్టికలో హైదరాబాదు పట్టీలకు చెందిన తారల వెనుక బేగంపేట రాత్రులున్నవి. 1914లో అక్షము రెండు కలలు వంకరగా నిలిచియుండి, ఫలానా రాత్రి పరిశీలకుడు కునికిపాటు పడియున్నచో, ఆ తప్పు ఎనుబదియేండ్ల తరువాత ఒక తారకు లేని ప్రయాణమును అంటగట్టియుండెడిది.

బేగంపేట ఆకాశము ఆ సంపుటములు ముగియకమునుపే పాడగుట కారంభించెను. భాస్కరను తరువాత వచ్చిన అక్బర్ అలీ 48 అంగుళముల దూరదర్శినికి యత్నము చేసెను. ఆయన 1960లో గతించిన పిమ్మట అభ్యంకరుల కాలమున, 1968-69లో, అది జపాల్-రంగాపురములో నిలిచెను. నగరము అచ్చటికిని వెలుగు పంపెను. ఇది యొక విచిత్రమైన చక్రము. ఇల్లెందు చెంత 1871లో బొగ్గు కనబడినది; కొత్తగూడెము, మణుగూరు గనుల బొగ్గుతో పాల్వంచలో విద్యుత్తు పుట్టుచున్నది; ఆ విద్యుత్తు నగరములకు పోయి వాని రాత్రిని తుడిచివేసినది. ఇప్పుడు నగరపు యువకులు రాత్రిని వెదకుకొనుచు, ఆ బొగ్గు పుట్టిన యడవుల యంచునకే వచ్చుచున్నారు!

ఈ సీమ చరిత్ర రెండు ముక్కలది. గోదావరికి ఈవలి ఖమ్మము నిజాముది. ఆవలి భద్రాచలము 1860లో నిజాము చేతినుండి ఇంగ్లీషువారికి పోయి, 1874లో గోదావరి జిల్లాలో కలిసి, 1959లో మరల ఖమ్మము జిల్లాకు చేరెను. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము వేరు జిల్లా. సరిహద్దు లెన్ని మాఱినను రెండు గట్లకును ధ్రువుని యెత్తు ఒక్కటే, బేగంపేటకును దాదాపు అంతే. కనుక బేగంపేటలో తేలిన సంగతు లన్నియు ఈ యడవిలో అక్షరాల చెల్లును.

చెల్లును గాని ఇచ్చటి చిక్కులు కొన్ని వేరు. వేధశాలలో రాతిస్తంభము కదలదు. ఇచ్చట మూడుకాళ్ల పీఠమును ప్రతిరాత్రియు క్రొత్తగా నిలుపవలెను, అక్షమును క్రొత్తగా సరిచేయవలెను. నేటి యంత్రములలో అక్షము లోపలనే చిన్న దుర్భిణి యుండును. దానిలో ధ్రువతారను దాని వలయముపై తగిన గంటస్థానమున నిలిపినచో పని తీరునని చెప్పుదురు. చలిదేశములవారికి తీరును. ఇచ్చట ధ్రువుడు నడినెత్తి గాలికి మూడురెట్లకు పైగా గాలిని చీల్చుకొని, పొగమంచులో మసకబారి వచ్చును. పెక్కుచోట్ల టేకుచెట్ల కొమ్మలో, ఉత్తరపు గుట్టలో అతనిని బొత్తిగా కప్పివేయును. అప్పుడు తారను జారనిచ్చి చూచు పాతపద్ధతియే శరణ్యము. పుష్యమాఘములలో మృగవ్యాధుని నడుముకట్టు నందలి మూడు చుక్కలు ఇందులకు మిక్కిలి యనుకూలమైనవి; వానిలో పడమటిది విషువద్వృత్తమునకు అతిసమీపమున నున్నది. మరియొక చిన్న సంగతి. అక్షము పండుకొన్నట్లుండుటచేత సమతౌల్యపు బరువు ఇంచుమించు నిలువుగా వ్రేలాడి పీఠపు కాలికి తగులును. యంత్రము తిరుగుచు తిరుగుచు నడిరాత్రి అచ్చట ఆగిపోవును. పీఠమును త్రిప్పి ఉత్తరదిక్కు రెండు కాళ్ల నడుమ పడునట్లు నిలిపినచో ఈ బాధ చాలవఱకు తప్పును. ఇది విదేశపు పుస్తకములలో సాధారణముగా నుండదు, వారికి అవసరము లేదు గనుక.

పీఠము, యంత్రము లేనివారును ధ్రువదర్శనము చేయవచ్చును. ఇంటనున్న సాధారణపు కెమెరాను డాబాపై ఉత్తరముఖముగా కదలకుండ నిలిపి, చీకటిరాత్రి గంటసేపు తెఱచియుంచవలెను. గంటసేపు తెఱువజాలని కెమెరాయైనచో వెంటవెంట చిన్నపటములు తీసి చేర్చినను చాలును. తారలన్నియు చాపములై పడును. ప్రతి చాపమును 15 డిగ్రీలే. ధ్రువస్థానమునకు దూరమైనవి పెద్దవి, దగ్గఱివి చిన్నవి. ఆ చాపముల కెల్ల కేంద్రమైన చోట ఏమియు నుండదు. దాని ప్రక్క ప్రకాశమానమైన చిన్న గీత యొకటి పడును. అదియే మన ధ్రువుడు. పెండ్లికి వచ్చిన బంధువులు ఇల్లు విడువకముందే ఆ పటమును వధూవరులకు చూపవచ్చును, ఆడపిల్లలచేత చాపములను కోణమాపకముతో కొలిపింపవచ్చును. గోదావరి యంచున నున్నవారు తొలిజాములోనే ఈ పని ముగించుట మేలు. తెల్లవారుజామున నది నుండి మంచు లేచి కటకముపై పట్టును. పట్టిన తరువాత తుడిచినను మరల పట్టును, ఆ రాత్రికి పని యంతటితో సరి.